ముందు చక్రాల మీది బరువు

ఆ ఎండాకాలం గుట్ట మీది మా చీనీ తోట, అంటే బత్తాయి తోట, బతకాలంటే మా బండి నీళ్లతో గుట్ట ఎక్కాలి. తోటలో బోరు ఎండిపోయింది. గుట్ట కింద చేనున్న రైతు తన బోరు నీళ్లు పట్టుకోమన్నాడు, పుణ్యాత్ముడు. కానీ పైకి పోయే దారి ఇరుకు, ట్రాక్టరు ట్యాంకరు తిరగదు. నా దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు ఉంది. పాతదే అయినా దాన్ని చూసుకుని నాకు పొగరు.

తోట నా భార్యది. కాగితాల్లో ఎవరి పేరుంటేనేం, మొక్కలు తెచ్చి నాటించి బిడ్డల్లా సాకింది ఆమే. తొలి కాపు, కాయలు నిమ్మకాయంత అయ్యాయి. ఆకులు ముడుచుకోవడం మొదలయ్యాక ఆమె నోరు మెదపడం మానేసింది. ఆమె తిడితే నాకు భయం లేదు, తిట్టకపోతేనే భయం.

మా వైపు ఎండిన చీనీ చెట్లను బొగ్గుల బట్టీకి కొనేవాళ్లు తిరుగుతుంటారు. వాళ్లలో ఒకతన్ని ఆమే పిలిపించి మాట్లాడింది. "దినానికొకటి సచ్చిపోతాంటే చూస్తా కూసునే ఓపిక నాకు లేదు. బేస్తవారం లోపల నీళ్లు పైకొస్తే సరి. లేదంటే అన్నీ కొట్టించేస్తా" అని నాకు చెప్పింది. అన్న మాట మీద నిలబడే మనిషి.

సోమవారం వెనక ప్లాస్టిక్ ట్యాంకు కట్టుకుని బయలుదేరాను. దారి మధ్యలో మెట్టులాంటి బండరాయి ఉంది, దాని మీదంతా గులకరాళ్లు. అక్కడ వెనక చక్రం ఒకటి గుంతలో పడి ఊరికే తిరుగుతుంది. ఇక లాగవలసింది ముందు చక్రాలే. అవి కూడా రాళ్లు చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి.

"పైన పటారం, లోన లొటారం" అంది నా భార్య. బండినన్నదో నన్నన్నదో నేను అడగలేదు.

మరునాడు కడపకు పోయి ముందర లోతైన గాడులున్న కొత్త టైర్లు వేయించాను. గుట్ట మొదట్లో వాటిలో గాలి కొంచెం తగ్గించాను. కొంత పట్టు దొరికింది గానీ చాలలేదు. బరువెక్కువైందనుకుని బుధవారం పొద్దున ట్యాంకులో నీళ్లు సగం చేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. స్టీరింగు చేతిలో దూదిలా తేలిపోయింది, బండి మొదటి రోజు ఆగిన చోటికి కూడా చేరలేదు.

ట్యాంకు పక్కన కూర్చున్న నా భార్య అరిచింది. "నీళ్లన్నీ ఎనక్కి పోతాండాయి! బండి ముక్కు పైకి లేస్తాండాది, కండ్లు లేవా నీకు?"

అప్పుడు వెలిగింది నాకు. పైపు తగిలించడానికి వీలని ట్యాంకును తోక దగ్గర కట్టాను. అది తప్పు. అంతకంటే పెద్ద తప్పు, మొదటి రోజు కూడా దాన్ని నిండా నింపలేదు. మా సీమలో ఎవరూ నింపరు. చుక్క ఒలికితే పాపమని నాలుగు వేళ్లు తక్కువ పట్టడం మాకు పుట్టుకతో వస్తుంది. ఆ వెలితిలోనే నీళ్లు ఊగి, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి పరుగెత్తి ముందు చక్రాలను తేల్చేస్తున్నాయి. ట్యాంకును క్యాబిన్‌కు ఆనించి కట్టి, మూత దాకా పొర్లేటట్టు నింపుదామన్నాను. నేను వాళ్ల అమ్మను తిట్టినట్టు చూసింది.

"ఈడ చెట్లు నోరు తెరిచి సస్తాంటే దావలో పారబోస్తావా?"

"పారబోస్తేనే ఎక్కుతుంది!" నేనూ అరిచాను. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

గురువారం, ఆమె పెట్టిన బేస్తవారం గడువు నాడు, నా మాటే నెగ్గింది. మూత అంచుల నుంచి నీళ్లు కారుతుంటే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఈసారి ముందు చక్రాలు బండరాయిని పట్టుకున్నాయి. మెట్టు దాటడానికి ఇంకా జానెడు దూరముందనగా మళ్లీ జారడం మొదలైంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే కిందినుంచి చెట్లు కొట్టేవాళ్లు రంపాలు భుజాన వేసుకుని నడిచొచ్చారు. వాళ్ల మేస్త్రీ భారీ మనిషి. కారుతున్న నీళ్లను చూశాడు, పైన తోటను చూశాడు.

"ముందర బరువు సాలలేదప్పా" అని రంపం కింద పెట్టి బానెట్టు మీదికెక్కి కూర్చున్నాడు. "రాండ్రా మీరూ!"

"చెట్లు కొట్టే దానికొచ్చి ఇదేం పనప్పా?" అంది నా భార్య.

"కొట్టేది యాడికి పోతాదిలేమ్మా. ముందు నీళ్లు ఎక్కనీ."

బానెట్టు మీద ఇద్దరు, ముందరి కమ్మీ మీద ముగ్గురు. అద్దం నిండా మేస్త్రీ వీపే. కిటికీలోంచి తల బయట పెట్టి, మెల్లగా, నడకకంటే మెల్లగా పోనిచ్చాను. ముందు చక్రాలు కరిచి పట్టుకున్నాయి. బండి మెట్టు దాటింది. పైకి చేరాక పైపు తగిలించి నీళ్లు వదిలాం. పైపు చాలని చోటికి వాళ్లే బిందెలతో మోశారు.

ట్యాంకు ఖాళీ అయ్యాక మేస్త్రీ తోటంతా ఒకసారి తిరిగాడు. చివరి సాలులో ఒక చెట్టు కొమ్మ విరిచి చూశాడు. లోపల పచ్చి లేదు.

"ఇది సచ్చిపోయిండాదమ్మా. ఉత్త చేతులతో పోవడమెందుకు, ఇదొక్కటి కొట్టుకుంటా."

నా భార్య ఆ చెట్టు మొదట్లో ఇంకా ఇంకని నీళ్లను చూపించింది.

"ఈ పొద్దే కదప్పా అది తాగింది. రెండు దినాలు చూడనీ."