ముగింపు చూడని అక్క

మొన్న గోదావరిఖని నుంచి ఫోను వచ్చింది. మేము కంపెనీ క్వార్టర్లలో ఉన్న రోజుల్లో మా పక్కింట్లో ఉండే అక్క పోయింది. కొడుకే చెప్పాడు, "అమ్మ ఇంట్లనే, నిద్రలనే పోయింది చిన్నమ్మా" అని. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత నవ్వూ వచ్చింది. అక్కను తలుచుకుంటే ఎవరికైనా అంతే.

డెబ్భైల్లో మా టాకీసుకు వచ్చే సినిమాలను అక్క రెండుగా విడగొట్టేది. కొట్లాట సినిమాలు, మనిషి సినిమాలు. మొదటి రకానికి టిక్కెట్టు ఊరికే ఇచ్చినా వెళ్లేది కాదు. ఇంటి పెద్ద కోపం, కోడలి మౌనం, ఎవరితోనూ కలవని గుమాస్తా, ఇలాంటివి ఉన్నాయని తెలిస్తే మాత్రం పొద్దున్నే వంట ముగించి, నన్ను వెంటేసుకుని మధ్యాహ్నం ఆటకు బయలుదేరేది. చిక్కల్లా బావతోనే. బొగ్గుగనిలో ఆయనది మొదటి షిఫ్టు. సినిమా అసలు సంగతికి వచ్చేసరికి షిఫ్టు అయిపోయిందని గని సైరన్ మోగేది. బావ ఇల్లు చేరేలోపు స్నానానికి నీళ్లు కాగాలి. అక్క కొంగు దులుపుకుని లేచేది, గొణుక్కుంటూ వెనకాలే నేనూ.

మర్నాడు నల్లా దగ్గర కథంతా చెప్పేది, తను చూడని ముగింపుతో సహా. పూర్తిగా చూసొచ్చిన వాళ్లు, "గట్ల కాలేదక్కా, ఆ ముసలాయన ఇల్లిడిచి పోయిండు" అంటే ఒప్పుకునేది కాదు.

"ఎందుకు పోతడు? కోడలు లేవకముందే కుండల నీళ్లు నింపిపెట్టినోడు ఇల్లిడిచి పోతడా? సినిమా తీసినోనికే ఆ మనిషి సమజ్ కాలే."

నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చినప్పుడు మా నాన్న వద్దన్నాడు. "ఆడపిల్ల ఒక్కతి కరీంనగర్‌ల ఎట్లుంటది?" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. అక్క ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

"మీ నాయిన ఇప్పుడేం చేస్తుండు?" అంది అక్క.

"బయట కూసున్నడు. పాత రేకుపెట్టెకు గొళ్లెం బిగిస్తుండు."

అక్క పకపకా నవ్వింది. "పిచ్చిదానా, నోరు చూడకు, చేతులు చూడు. మీ ఇంట్ల ఏమున్నదని ఆ పెట్టెకు గొళ్లెం? ఫికర్ చెయ్యకు, పంపుతడు."

పంపాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఆడపిల్లను బడి మాన్పిస్తానని మొండికేసిన ప్రతి తండ్రిలోనూ ముందు చేతులే చూశాను. ఆ చూపు అక్క ఇచ్చిందే. ఎందరు పిల్లలు దానివల్ల చదువుకున్నారో అక్కకు తెలియదు.

నేను బయలుదేరిన రోజు బస్టాండుకు మా క్వార్టర్ల లైనంతా వచ్చింది. నాన్న పెట్టెను భుజాన మోసుకొచ్చి నా సీటు కింద పెట్టాడు. బస్సు ఇంకా స్టార్టు కాలేదు. ఆఖరి నిమిషంలో దిగమంటాడేమోనని నాకు భయం. అంతలో సైరన్ మోగింది.

"అక్కా, బస్సు కదిలేదాంక ఉండవా?"

అక్క కిటికీలోంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎందుకే? ఎట్లైతదో నాకెరుకే."

కొంగు దులుపుకుని, నీళ్లు కాగబెట్టడానికి గబగబా నడిచిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.