మా ఆయన చొక్కా దులిపిన రోజు

ఆ రోజుల్లో, అంటే నా ఒంట్లో సత్తువ, నోట్లో పొగరు రెండూ సమానంగా ఉన్న రోజుల్లో, మిరప కోతలొచ్చాయంటే మా పిల్లలు నన్ను చూసి పారిపోయేవాళ్లు. కొడతానని కాదు, ముద్దు చేస్తానని. పొద్దస్తమానం మిరపకాయలు పట్టిన చేత్తో బుగ్గ నిమిరితే ఆ బిడ్డ గంటసేపు ఊరు ఎగిరిపోయేలా ఏడ్చేది. అందుకని చిన్నదాన్ని మోచేతులతో ఎత్తుకునేదాన్ని, అన్నం గరిటెతో పెట్టేదాన్ని, ముక్కు తుడిచే సంగతి మాత్రం దాని ఖర్మకి వదిలేసేదాన్ని. (పిల్లల పెంపకం గురించి ఇప్పుడు ఫోన్లలో ఎవరెవరో చెబుతుంటారు. మోచేతుల సంగతి ఒక్కరూ చెప్పరు.) నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా పెద్దది.

అది మా ఆయన పోయిన రెండో ఏడు. తెల్లారకుండానే కళ్లానికి పోయి, ఎండబోసిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేదాన్ని. రెండేళ్ల చిన్నదాన్ని ఎనిమిదేళ్ల పెద్దది చూసుకునేది. అంటే పెద్దది బడికి పోయేది కాదు. బడి పెద్ద టీచరమ్మ పొదిలి నుంచి బస్సులో వచ్చేది. ఆవిడ నవ్వడం గానీ ఏడవడం గానీ చూసిన మనిషి మా ఊళ్లో లేడు. పిల్లలు పెట్టిన పేరు బండరాయి. ఒకరోజు ఆ బండరాయి కబురు పెట్టింది, ఇవాళ తల్లి వచ్చి మాట్లాడకపోతే పిల్ల పేరు కొట్టేస్తానని. పెద్దది చిన్నదాన్ని చంకనేసుకుని కళ్లానికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నా పేరు కొట్టేస్తే నేనింక దీన్ని ఎత్తుకోను, చెప్తున్నా!"

"పదవే, ఎవరు కొట్టేస్తారో నేనూ చూస్తా!" అని ఉన్నపళంగా బయలుదేరాను.

ఎండకి, ఘాటుకి చీర మీద మగాళ్ల చొక్కా తొడుక్కోవడం మా కూలి ఆడవాళ్లకి అలవాటు. నాది మా ఆయన చొక్కా. పిల్లలిద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి టీచరమ్మ గదిలోకి పోగానే, చదువుకున్నవాళ్ల ముందు ఆ చొక్కాతో నిలబడటం మర్యాద కాదనిపించి, విప్పి, నాలుగుసార్లు గట్టిగా దులిపి, మడిచి చేతిమీద వేసుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. (కోతల రోజుల్లో ఘాటు మా ముక్కుకి తెలియదు. తెలిస్తే పని చేయలేం.)

"ఏమ్మా, నీ కూతురు ఈ నెలలో..." అంటూనే టీచరమ్మ ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. నేనింకా నోరే తెరవలేదు! నా వాలకం చూసే కరిగిపోయింది కాబోలు అనుకున్నాను. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటున్నదాన్ని. ఎదుటివాళ్లు ఏడిస్తే నాకు పూనకమే. (పాస్టరుగారికి ఈ మాట చెప్పొద్దు.) చొక్కా ఊపుకుంటూ మా ఆయన మంచం పట్టిన రోజు నుంచి కథంతా ఎత్తుకున్నాను. పక్క కుర్చీలో లెక్కల మాస్టారు గోడవైపు తిరిగి వెక్కుతున్నాడు.

"ఊరుకోండి మాస్టారూ, ఆయన ఇంకా పోలేదండీ, ఆ ముక్క ముందుంది" అని ఓదార్చాను.

"ఫ్యాను... ఫ్యాను పెంచండి మాస్టారూ!" అంది టీచరమ్మ. ఆయన పెంచాడు. ఇద్దరికీ దుఃఖం ఇంకా పెరిగింది.

"చాలమ్మా, చాలు!"

"శవం ఇంకా ఇంటికే రాలేదండీ!"

"వద్దు తల్లీ! నీ కూతురి పేరు కొట్టెయ్యను. చిన్నదాన్ని కూడా పంపు, ఒకటో తరగతిలో కూర్చోబెడతాం. నువ్వు మాత్రం ఇటు రాకు!"

ఆ మాటకి నా గుండె నిండిపోయింది. చొక్కా కొసతో ఆవిడ కళ్లు తుడుద్దామని ముందుకెళ్లాను. ఆవిడ బల్ల చుట్టూ పరుగు. వెనకాల నేను, "సిగ్గుపడకండి టీచరమ్మగారూ" అంటూ. రెండు చుట్లు తిరిగాక ఆవిడ గుమ్మం దాటి వరండాలోకి ఉరికింది.

బండరాయిని కరిగించానని ఊరంతా చెప్పుకున్నాను. చర్చిలో సాక్ష్యంగా కూడా చెప్పాను. ఏళ్లు గడిచి, పెద్దది చదువుకుని, గుంటూరులో నర్సయి, తనూ ఒక బిడ్డ తల్లయ్యాక, పోయినేడు ఒకరోజు చల్లగా అంది, "అమ్మా, ఆ రోజు గుమ్మంలో మేమిద్దరం కూడా ఒకటే తుమ్ములు. వాళ్లని ఏడిపించింది నువ్వు కాదమ్మా, నాన్న చొక్కా."

"అప్పుడే చెప్పొచ్చుగదే!"

"నాకు బడికి పోవాలిగా!"

కడుపు పట్టుకుని నవ్వాను. కానీ ఒక మాట. మా ఆయన పోయాక నాకు ధైర్యం చెప్పినవాళ్లు చాలామందే గానీ, నా ఎదురుగా కూర్చుని కళ్లు వాచేలా ఏడ్చినవాళ్లు ఆ ఇద్దరే. నాకోసం చదువుకున్నవాళ్లు ఏడ్చారని, ఆ రోజు కళ్లానికి తిరిగెళ్లిన ఆ పిచ్చిది సాయంత్రందాకా పాటలు పాడుకుంటూ తాలుకాయలు ఏరింది. నిజం నాకు తెలిస్తే తెలిసింది. అప్పటి ఆ పిచ్చిదానికి మాత్రం నేను చెప్పను.