మా వియ్యంకుడి ముక్కు

సంతాప సభలో మన తెలుగు సంఘం కార్యదర్శిగారు ఒక మాటన్నారు. "చివరిదాకా ఆయన ముక్కుకు తిరుగులేదు. గుండిగ మీదకు ఒంగి ఒక్కసారి ఊపిరి పీలిస్తే చాలు, ఉప్పూ కారం సరిపోయిందీ లేనిదీ చెప్పేసేవారు" అని. మీరందరూ తలలూపారు. నేను ఊపలేదు. చనిపోయిన మనిషి గురించి అబద్ధం ఆడకూడదంటారు గానీ, ఆ నియమం సభల్లో ఎవరూ పాటించరు. కాబట్టి రాతలో దిద్దుతున్నాను. చివరి కొన్నేళ్ళూ ఆ ముక్కు నాది.

మా అబ్బాయికి పిల్లనిచ్చిన ఆ పెద్దమనిషి పోయిన నెలలో కన్నుమూశారు. భోజనం చేసి నడుం వాల్చినవారు మళ్ళీ లేవలేదు. కోడలు ఎవరి ఫోను నుంచో నాకు చేసింది. తెలియని నంబరు మోగితే బ్యాంకు పేరు చెప్పే మోసగాళ్ళేనని నా నమ్మకం. "మాకేమీ అక్కర్లేదు, పెట్టెయ్" అని కసిరాను. "అత్తయ్యా, నేనే. నాన్న..." అంది. ఆ మిగతా మాట అది అననూ లేదు, నేను అడగనూ లేదు.

ఆయనది శ్రీకాకుళం సముద్రపొడ్డు. బతుకంతా ఇక్కడి బెంగాలు ఓడరేవు డాకుల్లో క్రేను నడిపి, రిటైరయ్యాక ఊరి శివారులోని బడ్జ్ బడ్జ్‌లో వెనక పెద్ద పెరడున్న ఇల్లు కట్టుకున్నారు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఆ పెరట్లో "ఉడుకు" పెట్టేవారు. ఏదో దేశపు ఓడలో వంటవాడి దగ్గర నేర్చుకున్నారట. పీతలు, రొయ్యలు, బంగాళాదుంపలు, మొక్కజొన్న కండెలు, ఉల్లిపాయలు అన్నీ ఒకే గుండిగలో మసాలా నీళ్ళలో ఉడికించడం, నీళ్ళు వార్చి, బెంగాలీ పేపర్లు పరిచిన చెక్కబల్ల మీద గుమ్మరించడం. చుట్టూ నిలబడి అందరూ చేతులతో తినాలి. మొదటిసారి చూసినప్పుడు, ఇంట్లో పళ్ళేలు లేవా, లేక ఆడపెళ్ళివారు మాకు ఏదైనా పాఠం చెబుతున్నారా అని అనుమానించాను.

నా మొహం చూసే కాబోలు ఆయన నవ్వి, "పళ్ళెం పెడితే ఎవడి పళ్ళెం ఆడు చూసుకుంటాడు చెల్లెమ్మగారూ. బల్ల మీద పోస్తే పక్కోడి మొహం చూస్తాడు" అన్నారు. నేను చూశాను. పక్కనున్న మావారు గడ్డమంతా మసాలాతో పీతకాలు కొరుకుతున్నారు. ముప్పై ఏళ్ళు బ్యాంకు ఆఫీసరుగా ఉన్న మనిషి! ఇరుగుపొరుగు బెంగాలీలు "దారుణ్ దాదా, దారుణ్" అంటున్నారు. అది వాళ్ళ భాషలో మెచ్చుకోలని నాకు తెలుసు. అయినా నేను తెలుగులోనే విన్నాను.

లాక్‌డౌన్ ఏడాది మావారు పోయారు. అదే ఏడాది వియ్యపురాలూ పోయింది. విందులకు వెళ్ళడం నేను మానేశాను. ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పి అనేదాన్ని. మళ్ళీ ఉడుకు మొదలుపెట్టినప్పుడు కోడలు పోరితే, ఈ ఒక్కసారికే అని వెళ్ళాను.

అక్కడ నాకు ఏదో తేడా కనిపించింది. ఆయనేమో వెనకటిలాగే ఆవిరిలోకి ఒంగి, కళ్ళు మూసుకుని, గుండెనిండా పీల్చి "అయిపోనాది!" అని కేకవేశారు. బల్ల మీదకు వచ్చింది మాత్రం చప్పిడి. అందరూ అద్భుతం అన్నారు. నేను ఉప్పు లేదన్నాను. ఆయన నొచ్చుకోలేదు సరికదా, చేతులు కట్టుకుని "ఎంత తగ్గినాదంటారు?" అని అడిగారు. తన వంటకు వంక పెడితే సంతోషించే మగవాణ్ణి నేనెన్నడూ చూడలేదు. మరుసటి ఏడాది ఉడుకుకు "మీరొస్తే గౌరవం" అంటూ సరుకు బుట్టల పక్కనే నాకు కుర్చీ వేయించారు. గౌరవానికి చేపల బుట్ట పక్కన కుర్చీ వేస్తారా? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయాలనేమో అనుకున్నాను. పైగా ఆ పొద్దున్న వంటింట్లో పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, గుమ్మం పక్కనే కూర్చుని ఆయన నింపాదిగా పేపరు చదువుకుంటున్నారు.

పీతలతో ఇబ్బంది లేదు. కాళ్ళు ఆడిస్తుంటే బతికున్నట్టు. రొయ్యల సంగతి మాత్రం ముక్కుకే తెలియాలి. బుట్ట అడుగున మెత్తబడిన రొయ్య ఒకటి దొరికింది, మూరెడు దూరానికి కొడుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, ఆయన చేతిలో పెట్టాను.

"అన్నయ్యగారూ, ఇది ఎలా ఉందంటారు?"

ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తీరిగ్గా పీల్చారు. "ఫస్టు క్లాసు చెల్లెమ్మగారూ. అచ్చం మా ఊరి సముద్రమే."

కళ్ళు తెరిచేసరికి నా ముక్కుకు పైటచెంగు అడ్డం ఉంది. చేతిలోని రొయ్యవంక, నావంక చూశారు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఆ ఏడు జొరం తగ్గిన కాడినుంచి. డాక్టరు వస్తాదన్నాడు. రాలేదు."

"పిల్లలకు చెప్పారా?"

"చెప్పీకండి తల్లీ. తెలిస్తే గుండిగ లాగీసుకుంటారు. ఆళ్ళమ్మ పోయినాక నాకున్నదేటి? ఏడాదికీ ఒక్క ఆదివారం."

"నేను ఎల్లకాలం నోరు మూసుకోవాలా?"

"నేనున్నంతకాలమే. పోయినాక మీ నోటికి అడ్డేటి?"

సరేనన్నాను, కానీ షరతు పెట్టాను. గ్యాసు లీకైతే పసిగట్టలేని మనిషి పెద్ద సిలిండరు ముందు నిలబడకూడదు, కట్టెల పొయ్యి పెట్టాలి. మీరంతా "కట్టెల మీద రుచే వేరు" అని పొగిడారే, ఆ రుచి వెనక ఉన్నది నా భయం. అప్పటినుంచి ఏటా ఆయన ఆవిరి మీదకు ఒంగి కళ్ళు మూసుకుంటే, మీరు రెండూ మూశారనుకున్నారు. ఎడమకన్ను నన్నే చూస్తుండేది. కళ్ళజోడు సర్దుకుంటే సరిపోయినట్టు, దగ్గితే ఇంకా ఉప్పు వేయాలన్నట్టు. ఓసారి పొరుగింటాయన చేప తెచ్చి, "దాదా, మీరొక్కసారి వాసన చూసి చెప్పండి" అని ఆయన మొహం మీదే పెట్టాడు. నేను పొలమారినట్టు దగ్గాను. "పారీండి" అన్నారాయన గంభీరంగా. పొరుగింటాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజున బడ్జ్ బడ్జ్ ఇంటి వంటగదిలో, ఇక దాచడమెందుకని కోడలికి ఈ సంగతంతా చెప్పాను. అది గరిటె పక్కన పెట్టి, ఏడ్చిన కళ్ళతో నవ్వింది.

"మాకు తెలీదనుకున్నారా అత్తయ్యా? నాన్నని డాక్టరు కాడికి తీసుకెళ్ళింది మా దాదాయే." వాళ్ళ అన్నను అది బెంగాలీల్లాగా దాదా అనే పిలుస్తుంది.

"మరి గుండిగ ఎందుకు ఉంచారు?"

"దాదా తీసేస్తానన్నాడు. ముక్కు తెలీని మనిషి నలుగురికి రొయ్యలెలా పెడతాడని గొడవ. 'చెల్లెమ్మగారు బుట్ట కాడ కూర్చుంటే పెట్టనిస్తావా?' అన్నాడు నాన్న. ఆవిడుంటే సరే అన్నాడు దాదా."

"ఆ ముక్క నాతోనే చెప్పి అడగొచ్చుగా?"

"అడిగితే మీరు మోకాళ్ళ నొప్పి అంటారంట. అనుమానం పుట్టిస్తే మాత్రం చచ్చినట్టు వస్తారంట."

అది పక్కన పెట్టిన గరిటె అందుకుని, దేనికీ వంక పెట్టకుండా కూర కలిపాను. ఇది అరుదుగా జరిగే పని కాబట్టి మా కోడలు కూడా కంగారుపడింది.

ఇంటికొచ్చాక ఆలోచించాను. బజారులో ఒక్కొక్క రొయ్యా ఏరి తెచ్చేవాడు కోడలి అన్న, ఆ దాదాయే. అలాంటి బుట్ట అడుగుకు ఆ కుళ్ళిన రొయ్య ఎలా చేరింది? ఎవరు పెట్టారు? పైటచెంగు చూసి ఆయన నిజంగా కంగారుపడ్డారా, నటించారా? జీవితంలో ఎన్నో అనుమానాలు పెంచుకున్నాను గానీ, ఎవరినో ఒకరిని నిలదీసి తీర్చుకునేదాన్ని. దీనికి నిలదీయడానికి మనిషి లేడు. నన్ను ఇంట్లోంచి కదిలించడానికి ఒక మనిషి అంత పన్నాగం పన్నాడంటే, ఏమని కృతజ్ఞత చెప్పాలో కూడా తెలియడం లేదు.

వచ్చే ఆదివారం ఆ పెరట్లోనే ఉడుకు ఉంది. పొయ్యి దగ్గర కోడలు నిలబడుతుంది. కార్యదర్శిగారూ, మీరు బజారు మీదుగానే వస్తారు గనక పీతల మీద పిండడానికి గంధరాజ్ నిమ్మకాయలు ఒక సంచీడు తీసుకురండి. రంగు చూసి మోసపోకండి. తొక్కను గోటితో గిల్లండి. కాయ ముక్కు దాకా రాకముందే వాసన రావాలి, లేకపోతే కొనకండి. అమ్మేవాడు ఎంత ప్రమాణం చేసినా నమ్మొద్దు. మంట రాజేసేలోపే వచ్చి, సంచీ నా చేతికే ఇవ్వండి. ఒక్కొక్కటీ నేను మళ్ళీ చూస్తాను.