కాపెల్‌లో నా దొరతనం

నేను దొరగా ఎలా ఎదిగానో ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు, పాతవాళ్లకి గుర్తులేదు. అందుకే రాస్తున్నాను.

డల్లాస్ పక్కనున్న ఈ కాపెల్‌లో మా తెలుగు సంఘం పంద్రాగస్టుకి ఏటా ఒకటే నాటకం వేస్తుంది. ఉప్పు సత్యాగ్రహం. ఒక ముసలమ్మ ఉప్పుకుండ పట్టుకుని నిలబడుతుంది. తెల్ల పోలీసు దొర దాన్ని లాక్కోబోతాడు. ఆవిడ తిట్టిపోస్తుంది, దొర పారిపోతాడు. నేను మొదట్లో లాఠీ పట్టుకుని వెనక నిలబడే కానిస్టేబుల్ని. తరవాత ఒక మాట ఉన్న ఇన్‌స్పెక్టర్ని. ఆ మాట "యస్ సర్". అప్పటి దొరగారు ఉద్యోగం మారి హ్యూస్టన్ వెళ్లిపోతే గానీ నాకు దొర వేషం, దాంతోపాటు జిల్లా దక్కలేదు. ఓడ దిగి వచ్చిన అసలు దొరలెవరూ ఇంత కింద నుంచి ఎక్కి ఉండరు.

చాలా ఏళ్లు ఏలాను. పోయిన వేసవిలో డైరెక్టర్ కుర్రాడి నుంచి వాట్సాప్‌లో మెసేజ్: "అంకుల్, ఈసారి రియల్ తెల్లాయన దొరికాడు. మీరు రెస్ట్ తీసుకోండి." పక్కన నవ్వుతున్న బొమ్మ. రిటైరైనవాడికి ఇంకా ఏం రెస్టు?

ఆ తెల్లాయన డల్లాస్ కుర్రాడు. ఆరడుగుల పైనే ఉంటాడు. మన తెలుగమ్మాయిని చేసుకున్నాడు. ఆ అమ్మాయి తల్లే మా నాటకంలో ఎప్పుడూ ముసలమ్మ. ఈ సంగతి డైరెక్టర్ ఆలోచించలేదు. నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

రిహార్సల్‌కి నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను.

డల్లాస్ కుర్రాడు బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి మేజోళ్లతో వచ్చాడు.

"షూస్ వేసుకో బ్రో, నువ్వు దొరవి," అన్నాడు డైరెక్టర్.

"అత్తయ్యగారి ముందా?" అన్నాడు కుర్రాడు తెలుగులోనే.

కుండ లాక్కోవలసిన చోట వినయంగా రెండు చేతులూ చాచాడు. ఆవిడ, "జాగ్రత్త బాబూ, అంచు గీరుకుంటుంది," అంటూ కుండ అందించేసింది.

"ఆంటీ, మీరు తిట్టాలి!"

"అల్లుణ్ణా? అంతమందిలోనా? మా అమ్మాయికి మొహం ఎలా చూపించను?"

"యాక్టింగే కదా ఆంటీ."

"యాక్టింగైతే మాత్రం? అసలు అబ్బాయి పొద్దున్నించి ఏమైనా తిన్నాడో లేదో కనుక్కున్నావా నువ్వు?"

ఆ సాయంత్రం కాపెల్‌లో బ్రిటిష్‌వాళ్లు గెలిచారు. నేను వెనక కుర్చీలోంచి దగ్గాను, అంతే.

మర్నాడు డైరెక్టర్ ఫోన్ చేశాడు. "అంకుల్, మీరే రావాలి."

"తీసెయ్యడానికి వాట్సాప్ సరిపోయింది. పిలవాలంటే ఇంటికి రా," అన్నాను.

వచ్చాడు, కుర్రాణ్ణి వెంటేసుకుని. ఆ అబ్బాయి సోఫా అంచున కూర్చుని, "అంకుల్, ఆవిడ మీద మీరు ఎలా అరుస్తారు? నాకు నేర్పండి," అన్నాడు.

"నేర్పితే వచ్చేది కాదు నాయనా. మా అత్తగారి ముందు నేనూ ఏనాడూ నోరెత్తలేదు."

"ఆ బాకీ అంతా నా దగ్గర తీర్చుకుంటున్నారుగా," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

జిల్లా నాకు తిరిగొచ్చింది. కుర్రాడికి లాఠీ ఇచ్చి నా వెనక నిలబెట్టాను.

నాటకం రోజు "కుండ దింపు!" అని గర్జించాను. ఆవిడ కొంగు బిగించి స్క్రిప్టులో లేనివి కూడా అందుకుంది. "ఉప్పు కావాలా నీకు? ఈ వయసులో ఉప్పా? బీపీ ఎంతుందో చూపించుకున్నావా?" హాలంతా చప్పట్లు. నేను పద్ధతిగా పారిపోయాను. ఇంత బాగా ఎప్పుడూ పారిపోలేదు.

తెర వెనక ఆవిడ పులిహోర గిన్నె మూత తీసి, ముందు అల్లుడికి ప్లేటు నిండా పెట్టింది. జీడిపప్పులు ఏరి మరీ. ఆ తరవాత ఇటు తిరిగి, "మీరు కూడా తీసుకోండి అన్నయ్యగారూ," అంది.

కానిస్టేబుల్‌కి పెట్టాక పోలీసు దొరకి వడ్డించడం ఏ సామ్రాజ్యంలోనైనా ఉందా? తిన్నాను. మర్చిపోలేదు.