బావమరిదిని తెచ్చుకుందామని ఫిలింనగర్ వెళ్లాను

తెనాలిలో మా బట్టల కొట్టు ఏడాదిగా మూగబోయింది. నా బావమరిది ప్రసాద్ ఉన్నన్నాళ్లూ చీర కొననివాళ్లు కూడా నవ్వుకుంటూ వెళ్లేవారు. సినిమాలకు గొంతు ఇస్తానంటూ వాడు హైదరాబాద్ చెక్కేశాడు. "తమ్ముణ్ణి ఎలాగోలా ఒప్పించి తీసుకురండి" అంది మా ఆవిడ సరళ. ఒప్పించడమంటే బేరమే కదా, నాకు కొత్తా అనుకుని, పులిహోర పొట్లంతో పొద్దున్న ఆరు గంటల బండెక్కాను.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో దిగి స్టేషను ఎదుట హోటల్లో భోజనం చేశాను. పప్పు బాగుంది. మళ్లీ అడిగి వేయించుకుని కూడా "ఉప్పు తగ్గిందండీ" అన్నాను. సరుకు ఎంత నచ్చినా మొహంలో కనపడనివ్వకూడదని నాకు మీసాలు రాకముందే మా నాన్న నేర్పాడు. పట్టుచీరలైనా చేగోడీలైనా చూడగానే పెదవి విరవాలి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా సిటీబస్సు. అక్కణ్ణుంచి ఫిలింనగర్‌కి ఆటో. డ్రైవరు చెప్పినదాంట్లో సగం అడిగి, "ఈ డొక్కు బండికి అంత కిరాయా?" అన్నాను.

అతను ఇంజను ఆపేశాడు. "కిరాయి తక్కువ చెయ్యమను అన్నా, చేస్త. గని బండినేమనకు. పొద్దుగాలనే కడిగి పూలేసిన."

తగ్గించాడు కూడా. గెలిచిన హుషారులో ఆ పూలవైపు చూడనేలేదు.

డబ్బింగ్ థియేటర్ గేటు దగ్గర ప్రసాద్ ఎదురొచ్చాడు. చిక్కాడు గానీ కళ్లు వెలిగిపోతున్నాయి. "సరిగ్గా టైముకొచ్చావు బావా! ఇవాళ నాకు డైలాగుంది. గుంపులో అరుపు కాదు, నేనొక్కణ్ణే!"

చీకటి గదిలో రికార్డిస్టు పక్కన కూర్చోబెట్టారు. తెర మీద ఒక షావుకారు నేతగాడి దగ్గర చీర బేరమాడుతున్నాడు. అతని వీపే కనపడుతోంది. పెదాలు కనపడవు కాబట్టి మాటలు సొంతంగా నింపుకోవచ్చట. ప్రసాద్ మైకు ముందుకెళ్లాడు.

"అబ్బే! ఇదేం జరీ అయ్యా? మా ఆవిడ తాలింపు గరిట ఇంతకన్నా మెరుస్తుంది!"

ముక్కుతో లాగే ఆ 'అబ్బే' నాది. గరిట మాటా నాదే. రికార్డిస్టు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. నాకూ పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పళ్లు బిగబట్టి ఆపేశాను. బేరం మొదలవకముందే నవ్వితే వాడు బిగుసుకుంటాడు.

చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎలా ఉంది బావా?"

"ఆఁ... ఇంతేనా? దీనికోసమా కొట్టు వదిలేసింది?"

వాడు నవ్వబోయి ఆగి, చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

సాయంత్రం బోరబండలో వాడి అద్దెగదికి వెళ్లాం. వాడితోపాటు గుంపు గొంతులిచ్చే రాజమండ్రి కుర్రాడు డేవిడ్ టీ ఇచ్చాడు. ప్రసాద్ నీళ్లకు వెళ్లగానే మెల్లిగా అన్నాడు: "ఆ డైలాగు రేపు చెప్పాల్సిందండీ. మీరొస్తున్నారని బతిమాలి ఇవాళకి మార్పించుకున్నాడు. మా బావ ఊరికే నవ్వడు, ఆయన నవ్వితే చాలన్నాడు."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ప్రసాద్ వచ్చి బిందె దించి, సంచీలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. "రేపు నీతో వచ్చేస్తాను బావా. నువ్వన్నది నిజమే. ఇంతేగా."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. బేరం కుదిరాక నోరు మెదపకూడదన్నది కూడా మా నాన్న నేర్పిందే.

మర్నాడు పొద్దున్న బండి కదిలాక గొణిగాను: "నిన్న బాగానే చేశావురా."

"ఇప్పుడెందుకు బావా? బేరం అయిపోయిందిగా" అని కిటికీ వైపు తిరిగాడు.

జనగామలో ఒకామె జామకాయల బుట్టతో ఎక్కింది. "అబ్బే! ఇవేం కాయలమ్మా?" అన్నాను. నా ముక్కులోంచి వచ్చింది అచ్చం ప్రసాద్ గొంతు! నిన్న ఆపుకున్న నవ్వంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. కళ్లజోడు జారిపోయింది. పెట్టెలో అందరూ మావైపే చూస్తున్నారు.

"నవ్వుడు గాదు, కొంటవా కొనవా?" అందామె.

"గరిట... గరిటరా..." అని ప్రసాద్ భుజం పట్టుకున్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. కొట్లో రోజూ మా సరుకుకి దొంగ పొగడ్తలు పొగుడుతాను గానీ, దొంగ నవ్వు నవ్వడం నాకు చేతకాదని వాడికి తెలుసు.

"నిన్న ఆపుకున్నావా?"

"ఆపుకున్నాను."

"ఎందుకు బావా?"

జారిన కళ్లజోడు ఎత్తి పెట్టుకున్నాను. కాజీపేటలో వాడు సంచీ తీసుకుని లేచాడు.

"అక్కకి చెప్పు."

"ఏమని?"

"నువ్వు నవ్వావని."

బండి కదిలాక ఎదుటి సీటు పెద్దావిడ అడిగింది: "ఆ అబ్బాయి దిగిపోయాడేంటి నాయనా? పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా, పనుంది. సినిమాలకు గొంతు ఇస్తాడు. చాలా బాగా ఇస్తాడు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అంత తేలికైనదాన్ని వాడి ముందు బిగబట్టుకున్నందుకు తెనాలి దాకా తలెత్తలేకపోయాను.

ఫిలింనగర్ వెళ్లేవాళ్లకు చెక్‌పోస్టు దాకా బస్సులు బోలెడున్నాయి. అక్కడ ఏ ఆటోకైనా పూలదండ కనిపిస్తే, కిరాయి ఎంతకైనా బేరమాడుకోండి గానీ, ముందు బండి బాగుందని చెప్పి ఎక్కండి. నేను చెప్పలేదు.