అప్పలనరసమ్మ పట్టుకున్న కరెంటు

చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందులో పదిహేడేళ్లుగా జాకెట్లు కుడుతున్న అప్పలనరసమ్మ నలభై ఏళ్ల వయసులో ఒక టెస్టరూ, ఒక స్క్రూడ్రైవరూ కొనుక్కుంది. అందుకు కారణం ఆవిడ కుట్టుమిషను మోటారే.

పెళ్లిళ్ల సీజను మధ్యలో ఆ మోటారు కాలిపోయింది. బాగుచేసే షాపుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన దాన్ని విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టాడు. నరసమ్మ స్టూలు మీద కూర్చుని రెండు గంటలు కళ్లప్పగించి చూసింది. బాబినుకి దారం చుట్టినట్టే ఉంది. కాకపోతే దారం బట్టలోకి పోతుంది. ఈ తీగ ఉన్నచోటే ఉండి మోటారుని తిప్పేస్తోంది. ఎలా తిప్పుతోందని అడిగితే పెద్దాయన నవ్వేసి, "అదంతేనమ్మా" అన్నాడు. ఆ జవాబు ఆవిడకి రుచించలేదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే ఆలోచన.

లైన్‌మన్‌గా రిటైరైన సత్యారావు తన పెరట్లో రేకుల షెడ్డు వేసి శని, ఆదివారాలు కరెంటు పని నేర్పిస్తున్నాడని ఎవరో చెప్పారు. భర్త రమణమూర్తి మాడుగుల రోడ్డులో ఆటో నడుపుతాడు. ఆయనతో అంటే గతుక్కుమన్నాడు.

"నీకేటే ఈ పిచ్చి? సేతిలో పనుందిగా?"

"పనికోసం కాదు. తెలుసుకుందామని."

"కరెంటది. బట్టలాగ చిరిగితే కుట్టడానికవదు."

"అందుకే నేర్సుకుంటానంటన్నా" అంది నరసమ్మ.

మొదటిరోజు షెడ్డులో తొమ్మిదిమంది చేరారు. నరసమ్మ గుమ్మం దగ్గరే తటపటాయిస్తూ నిలబడిపోయింది. ఐటీఐ చదివిన కుర్రాళ్లే ఉంటారనుకుంది కానీ లోపల చూస్తే అలా లేదు. సత్యారావు ఒక్కొక్కరినీ ఎందుకొచ్చారని అడిగాడు. మాడుగులలో హల్వా వండే ఒకాయన, తన రుబ్బురోలు మోటారు వారానికోసారి మొండికేస్తోందన్నాడు. కె.కోటపాడు దగ్గర్నుంచి వచ్చిన రైతు బోరు దగ్గర రెండుసార్లు షాక్ తిన్నాడట. బీకాం చదివి సెల్‌ఫోన్ల షాపులో చేస్తున్న ప్రవల్లిక, "ఫోనులో ఉండే చిన్న కరెంటు తెలుసండి, గోడలో ఉండే పెద్ద కరెంటు తెలీదు" అంది. అందరూ నవ్వారు. చివరి బెంచీలో ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతితో ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఆయన పేరు లక్ష్మీనరసింహం. తాలూకాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు.

"నాకేం లేదయ్యా. ఖాళీగా ఉన్నాను కదా, టైంపాస్‌కి వచ్చేను" అన్నారాయన, ఎటో చూస్తూ.

నరసమ్మ వంతు వచ్చింది. "మోటారు ఎందుకు తిరుగుద్దో తెలుసుకుందామని మేస్టారూ" అంది. సత్యారావు ఆవిడకి ముందు బెంచీ చూపించి, "ముందుకొచ్చి కూసో" అన్నాడు.

తర్వాత తన కుడిచెయ్యి చొక్కా మడిచి చూపించాడు. మణికట్టు నించి మోచేతి దాకా చర్మం ముడతలు పడి నిగనిగలాడుతోంది. "లైను ఆపేసేనని ఒకడు సెప్పేడు. నేను నమ్మేసి స్తంభం ఎక్కేను. ఆరోజు పోవాల్సినోణ్ణి. కరెంటు దగ్గర మనిషి మాట నమ్మకండి. టెస్టరు మాట నమ్మండి."

ఆ మాట నరసమ్మ నోట్‌బుక్కులో రాసుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం క్లాసయ్యాక సత్యారావు మోకాలి నొప్పితో లోపలికెళ్లి పడుకున్నాడు. అందరూ వెళ్లిపోయారు. లక్ష్మీనరసింహం మాత్రం చెప్పులు వేసుకుంటూ, విప్పుతూ అక్కడే తచ్చాడుతున్నారు.

"అమ్మా నరసమ్మా, చిన్న మాట. మా ఇంట్లో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని మా ఆవిడ అంటోంది. ఆర్నెల్లయింది. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చి చూసేరు, ఏమీ లేదన్నారు. నేను ముట్టుకున్నా ఏమీ లేదు. నువ్వోసారి వచ్చి, ఏమీ లేదని ఓ ఆడమనిషిగా చెప్తే తనకి నమ్మకం కుదురుతుందేమోనని..."

నరసమ్మ ఆయన వెంట వెళ్లింది. కింద వీళ్లు, పైన అద్దెకున్నవాళ్లు. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు, నీళ్ల గొట్టాలన్నీ ఇనపవే. పెరట్లో సిమెంటు చప్టా, దాని పక్కన ఇత్తడి కుళాయి. ఆయన భార్య లక్ష్మీసుందరి గారు దానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. సన్నటి మనిషి. చేతులు పమిటలో దాచుకున్నారు.

నరసమ్మ కుళాయికి టెస్టరు పెట్టింది. వెలగలేదు. మళ్లీ పెట్టింది, గొట్టానికి పెట్టింది, పక్కనున్న నీళ్ల మోటారుకి పెట్టింది. ఎక్కడా లేదు. లక్ష్మీనరసింహం భార్యవైపు చూశారు. ఆవిడ తల దించుకున్నారు.

అక్కడితో వచ్చేయొచ్చు. కానీ ఆ తల దించుకోవడం నరసమ్మకి కొత్త కాదు. జాకెట్టు ఎక్కడో పట్టేస్తోందని వచ్చేవాళ్లని ఆవిడ పదిహేడేళ్లుగా చూస్తోంది. అద్దం ముందు నిలబెడితే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. చెయ్యెత్తితేనో, కూర్చుంటేనో, బస్సెక్కితేనో పడుతుంది. ఎప్పుడని అడగాలి. అడిగితే వాళ్లే చెప్తారు.

"అమ్మగారూ, ఎప్పుడు కొడతాదండీ? రోజల్లానా?"

ఆవిడ ముందు భర్తవైపు చూసి, తర్వాత మెల్లగా చెప్పారు. "పొద్దున్నే. పాలు తీసుకున్నాక దేవుడి సామాను తోముకుంటాను చూడు, అప్పుడు. తరవాత ఉండదు."

"కాలికి సెప్పులుంటాయా?"

"దేవుడి సామాను తోమేటప్పుడు చెప్పులేమిటమ్మా?"

"రోజూనా?"

ఆవిడ ఆలోచించారు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేసినట్టు లేదు. "ఆదివారం లేదు. ఔను, ఆదివారం ఎప్పుడూ కొట్టలేదు."

"పైనోళ్లు ఏం సేస్తారండి?"

పైనున్న శ్రీసుధ, శరత్‌చంద్ర ఇద్దరూ ఉద్యోగస్తులు. ఏడింటికల్లా విశాఖపట్నం బస్సు పట్టుకోవాలి. ఆదివారం తొమ్మిది దాకా లేవరు. కార్తీకమాసంలో నీళ్లు కాచే గీజరు పెట్టించుకున్నారు. అంటే ఆర్నెల్ల కిందటే.

సాయంత్రం నరసమ్మ సత్యారావుకి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. "రేపు పొద్దున్న ఆరింటికెళ్లు. రబ్బరు సెప్పులేసుకో, ఎండు సెక్క మీద నిలబడు. టెస్టరు తప్ప సెయ్యి ఆనించకు. ఎలిగిందంటే మెయిను కట్టేసి నాకు ఫోన్ సెయ్యి. ఆపైన నీ పని కాదు, నా పని. తెలిసిందా?"

సోమవారం పొద్దున్న ఆరుకి ఆవిడ పెరట్లో ఉంది. టెస్టరు పెట్టింది. లేదు. ఆరుంబావు, లేదు. లక్ష్మీనరసింహం గోడ గడియారం చూసొచ్చి, "ఏమీ లేదులేమ్మా, శ్రమ పడ్డావు" అన్నారు. లక్ష్మీసుందరి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పైన బాత్రూంలో లైటు వెలిగింది. బకెట్టు జరిపిన చప్పుడైంది.

నరసమ్మ మళ్లీ టెస్టరు ఆనించింది. దాని పిడిలో ఎర్రటి చుక్క వెలిగింది.

తీసి, మళ్లీ పెట్టింది. వెలుగుతోంది.

"ఏదీ, నన్ను చూడనీ" అంటూ లక్ష్మీనరసింహం ఉత్త కాళ్లతో తడి చప్టా మీదికి వచ్చి కుళాయివైపు చెయ్యి చాపారు.

"ఒరే, సెయ్యి తియ్!" అని నరసమ్మ కేక పెట్టింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తాలూకాఫీసులో ముప్పై ఏళ్లు చేసిన మనిషిని ఎవరూ ఒరే అని ఉండరు. నరసమ్మ ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. పరుగున వెళ్లి మెట్ల కింద ఉన్న మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది. తిరిగొచ్చి టెస్టరు పెడితే ఎర్రచుక్క లేదు. అప్పుడు గుర్తొచ్చి, "తప్పయిపోయింది నరసింహంగారూ, నోరు జారింది" అంది.

"లేదమ్మా. మంచిపని చేసేవు" అన్నారాయన.

కరెంటు పోయిందేమిటని పైనించి శ్రీసుధ తలకి తువ్వాలుతో తొంగిచూసింది. గీజరు స్విచ్చి కట్టేయించి మెయిన్ మళ్లీ వేశారు. టెస్టరు వెలగలేదు. ఇక అనుమానం లేదు. గీజరు స్విచ్చి ఎవరూ వెయ్యకుండా ప్లాస్టరు అంటించి నరసమ్మ సత్యారావుకి ఫోన్ చేసింది.

ఆయన కుంటుకుంటూ ఎనిమిదింటికి వచ్చాడు. మెయిన్ ఆపి గీజరు విప్పాడు. లోపల నీళ్లు కాచే రాడ్డు పగిలి ఉంది. భూమిలోకి పోవాల్సిన ఎర్తు తీగని గీజరు బిగించిన మనిషి ఎవరో తెచ్చి ఇనప నీళ్ల గొట్టానికి చుట్టేశాడు. ఆ గొట్టమే గోడ వెంట కిందికి దిగి పెరట్లో కుళాయి అవుతోంది. పైన కుళాయిలూ బకెట్లూ ప్లాస్టిక్‌వి కావడంతో వాళ్లకేమీ తెలియలేదు. నరసింహంగారు తొమ్మిదింటికి చెప్పులేసుకుని ముట్టుకుంటే ఆయనకీ తెలియలేదు.

"రాడ్డు ఇంకొంచెం పగిలుంటే ప్రాణం పోయేది" అన్నాడు సత్యారావు.

లక్ష్మీసుందరి గారు మెట్ల మీద కూర్చుండిపోయారు. "నరాల డాక్టరు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లారు. మాత్రలు మింగేను. నిజంగానే నాకు ఏదో అయిందేమో అనుకున్నాను. రాత్రుళ్లు దూరాన ఉన్న పిల్లలు గుర్తొచ్చి భయమేసేది. అయితే నాకేం కాలేదన్నమాట." చివరి మాట మళ్లీ అన్నారు. "నాకేం కాలేదు."

భర్త ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "నమ్మలేదు సుందరీ. అలాగని పూర్తిగా కొట్టిపారెయ్యనూ లేకపోయాను. ఆ క్లాసులో చేరింది అందుకే. నీతో చెప్పడానికి సిగ్గేసింది."

ఆవిడ ఆయన మీద కోప్పడలేదు. "మాత్రలు పారేస్తాను" అని మాత్రం అన్నారు.

ఆరోజు నరసమ్మ షాపు తెరిచింది కానీ మధ్యాహ్నం దాకా సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. నరసింహంగారు కుళాయివైపు చెయ్యి చాపడమే కళ్లముందు కనిపిస్తోంది.

శనివారం క్లాసు షెడ్డులో జరగలేదు, నరసింహంగారి పెరట్లో జరిగింది. కె.కోటపాడు రైతు నేల తొక్కి చూసి ఎక్కడ ఎండాకాలంలోనూ చెమ్మ ఉంటుందో చెప్పాడు, అక్కడే గొయ్యి తవ్వారు. హల్వా ఆయన పొయ్యిలోని బొగ్గులు బస్తాలో తెచ్చాడు. బొగ్గులూ ఉప్పూ పొరలుగా వేసి గొట్టం పాతి, ఇంటి ఎర్తంతా దానికి కలిపారు. ప్రవల్లిక మెయిన్ బోర్డులో ఏ స్విచ్చి దేనిదో ముచ్చటైన అక్షరాలతో చీటీలు అంటించింది. కరెంటు ఎక్కడ లీకైనా టపీమని పడిపోయే కొత్త స్విచ్చి తెచ్చారు. సత్యారావు దగ్గరుండి చెప్తుంటే దాన్ని నరసమ్మ బిగించింది.

"పరీక్ష బటన్ నొక్కు" అన్నాడాయన. నొక్కింది. టప్‌మని పడింది. ఇల్లంతా ఆగిపోయింది.

"ఇంకోసారి నొక్కమ్మా" అన్నారు లక్ష్మీసుందరి గారు. నొక్కింది. "ఇంకొక్కసారి." మూడోసారి పడగానే ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు.

సత్యారావు మీటరుతో అన్నీ సరిచూసి తల ఊపాడు. తర్వాత నరసమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "టెస్టరు మాటే నమ్మమన్నాను. కానీ దాన్ని ఎప్పుడు పెట్టాలో దానికి తెలీదు గదా. నువ్వు ఆవిణ్ణి అడిగేవు. నేనైతే అడిగుండేవాణ్ణి కాదు."

పైవాళ్లకి కొత్త గీజరు వచ్చింది. అది వేసి, టెస్టరు పెట్టి చూపించాక లక్ష్మీసుందరి గారు ఉత్త కాళ్లతో చప్టా మీద నిలబడి కుళాయి తిప్పారు. ఒక వేలు పెట్టారు, తర్వాత చెయ్యంతా పెట్టారు. మొహం కడుక్కున్నారు. కాళ్లు కడుక్కున్నారు. నీళ్లు వృథా అవుతున్నాయని అక్కడ ఎవరూ అనలేదు.

ఎండెక్కాక రమణమూర్తి ఆటో వేసుకుని పెళ్లాం కోసం వచ్చాడు. పెరడంతా తవ్వి ఉండడం చూసి కంగారుపడ్డాడు.

"ఏటైందే ఇక్కడ?"

"ఏటీ అవలేదు" అంది నరసమ్మ, చేతులకంటిన బొగ్గు తుడుచుకుంటూ. ఆ మాట తనకే ఎంతో హాయిగా అనిపించి, ఆటో ఎక్కి కూర్చున్నాక కూడా ఇంకోసారి అనుకుంది.

ఇంటికెళ్లి అన్నం తిని, కుట్టాల్సిన జాకెట్లు అలాగే ఉంచేసి, ఫ్యాను కింద చాప వేసుకుని సాయంత్రం అయిదు దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.