ఆవిరి మెరుపు

రహమత్ నగర్‌లో కరుణాకుమారి కేకులు చేసేది. సికింద్రాబాద్ బేకరీలో నేర్చిన పని. చక్కెర ముద్దను పల్చగా ఒత్తి కేకుకు కప్పేది, అదే ముద్దతో గులాబీలు చేసేది. కేకు మీద తినలేనిది ఏదీ పెట్టదని చర్చిలో అందరికీ నమ్మకం.

ఆరిన చక్కెర పువ్వు సున్నం గోడలా వెలవెలబోతుంది. కరుణ కెటిల్లో నీళ్లు మరగనిచ్చి, పువ్వును ఆవిరికి అలా చూపించి తీసేసేది. పైపైన కరిగిన చక్కెర ఆరాక మెరిసేది. ఇంకాస్త ఉంచితే రేకలు వాలిపోతాయి.

భర్త జోజి ఫిల్మ్ నగర్‌లో సెట్లకు రంగులు వేసేవాడు. అట్టను పాలరాయి చేసేవాడు.

"నీ మెరుపు సాయంత్రానికి మాసిపోద్ది. నాది రీళ్లలో ఉండిపోద్ది" అని ఆటపట్టించేవాడు.

"మీ పాలరాయిని ఓసారి నాకి చూడండి" అనేది ఆమె.

తొంభై మూడు ఆగస్టులో, జూబ్లీ హిల్స్‌లో ఉండే పుష్పకుమారి గారి అమ్మాయి పెళ్లి కుదిరింది. ఆవిడ భర్త ఒక సినిమా ఆఫీసులో మేనేజరు. "గులాబీలు నిగనిగలాడాలమ్మా, వీడియోలో పడాలి" అని కరుణకు కేకు పురమాయిస్తూ మరీ మరీ చెప్పిందావిడ.

ముసురు పట్టింది. ఆవిరి చూపించిన పువ్వులు ఫ్యాను కింద కూడా ఆరలేదు. వేలు పెడితే బంకలా అంటుకుంటున్నాయి. పెళ్లి రేపనగా కరుణ బజారుకు వెళ్లి వచ్చేసరికి, పళ్లెంలో గులాబీలు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఒక్క పూత!" అన్నాడు జోజి, కుంచె తుడుచుకుంటూ. "స్టూడియో వార్నిష్. ఇక వరదొచ్చినా నీకు దిగుల్లేదు."

ఆమె ఒక రేకను నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. చేదు.

"పువ్వులెవరు తింటారు కరుణా? చూడ్డానికేగా!"

"పిల్లలు తింటారండీ. ముందు తినేది వాటినే."

మళ్లీ చేస్తే తెల్లారేలోగా ఆరవు. ఆమె పళ్లెం ముందు చాలాసేపు నిలబడింది. తన చేతి పువ్వులు ఇంత అందంగా ఎన్నడూ లేవు. పెడితే ఎవరికీ తెలియదు. పెట్టకపోతే జూబ్లీ హిల్స్‌లో మరో ఇల్లు పిలుస్తుందో లేదో.

పళ్లెం పక్కకు జరిపింది. కెటిల్ అందుకుని, తెల్లటి ఒట్టి కేకు చుట్టూ ఆవిరిని దూరం నుంచి తిప్పింది.

మర్నాడు పెళ్లి హాల్లో కేకు చూడగానే పుష్పకుమారి గారి ముఖం మారిపోయింది. "పువ్వులేవి? నా కూతురికి బోడి కేకు పెడతావా?"

"పాడయ్యాయండీ."

"పాడు చేసింది నేనండీ" అన్నాడు వెనక నుంచి జోజి. "తినేవాటికి వార్నిష్ పూశాను."

"వార్నిషా!" ఆవిడ భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వీడియో అతని వైపు తిరిగి, "మొహాలు తియ్యి బాబూ, కేకు వద్దు" అంది.

ఆ ఇంటి నుంచి మళ్లీ కబురు రాలేదు. ఆ రోజు మాత్రం పిల్లలు కేకు అంచుల్ని గోళ్లతో గీకి తింటుంటే, తలుపు దగ్గర నిలబడి కరుణ చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక జోజి పళ్లెం వైపు చూశాడు. "వీటిని సెట్‌కి తీసుకెళ్లనా?"

"తీసుకెళ్లండి. కెమెరాకి ఆకలెయ్యదు."

నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. ఆమె టీకి నీళ్లు పెట్టింది.